శాకంబరి పథ్యం

మా అక్క మంగతాయారు భర్త నరసింహమూర్తిగారు బందరులో బడిపంతులు. పిల్లలకు లెక్కలు చెప్పేవారు. ఉద్యోగం లెక్కలదే గాని ఆయన ప్రాణమంతా తిండి మీద ఉండేది. తినడం మీద కాదు, ఎవరేం తినాలో చెప్పడం మీద. ఎవరింటికి వెళ్ళినా వంటింటి వైపు తొంగిచూసి "ఇవాళ ఏం కూర?" అని అడిగేవారు. వాళ్ళు ఏది చెప్పినా "అయ్యో" అనేవారు. వంకాయంటే అయ్యో, కందంటే అయ్యో, ఆవకాయంటే రెండుసార్లు అయ్యో. నేను అదే వీధిలో నాలుగిళ్ళ అవతల కాపురం ఉండేదాన్ని కనుక ఆ అయ్యోలలో సగం నా వంటకే దక్కేవి.

"బావగారూ, మీరు తినేదేదో మీరు తినండి. మా కంచాల జోలికి రాకండి" అనేదాన్ని.

"నీ మేలు కోరే చెబుతున్నా సులోచనా" అనేవారు, ఇసుమంతైనా కోపం లేకుండా. ఆ కోపం లేకపోవడం చూస్తే నాకు మరీ ఒళ్ళు మండేది.

ఆ పిచ్చికి ఓ కారణం లేకపోలేదు. పెళ్ళైన కొత్తలో ఆయనకు కడుపునొప్పి ఉండేది. వస్తే రెండు కాళ్ళూ పొట్టలోకి ముడుచుకుని నేల మీద దొర్లేవారు. నాటువైద్యం, ఇంగ్లీషు వైద్యం అన్నీ అయ్యాయి. మా వైపు ఊళ్ళలో మిల్లులు వచ్చి, అందరూ మల్లెపువ్వులాంటి అన్నానికి అలవాటు పడుతున్న రోజులవి. ఎవరో చెబితే ఈయన మాత్రం మిల్లుబియ్యం మానేసి దంపుడు బియ్యం, ఆకుకూరలు, పలచటి మజ్జిగ మొదలుపెట్టారు. నొప్పి పోయింది. మనిషి కండపట్టి ఎర్రగా, నిటారుగా తయారయ్యారు. మరి అలా బతికి బయటపడినవాడు ఊరుకుంటాడా? దొరికినవాడికల్లా తవుడు మహిమ చెప్పడం మొదలుపెట్టారు. బడిలో పిల్లలు ఆయనకు తవుడు పంతులని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. వినపడనట్టే నడిచిపోయేవారు.

పిల్లలు కలగలేదు. హెడ్మాస్టరు పని రావలసి ఉండి రాలేదు. ఆయన మాటకు ఆ ఇంట్లో తప్ప మరెక్కడా విలువ లేదు. ఇంట్లో మాత్రం మా అక్క ఆయన చెప్పిందల్లా నెత్తిన పెట్టుకునేది.

ఓ వానాకాలం వాళ్ళ కట్టెలకొట్టులో పిల్లికూన దొరికింది. తల్లి ఏమైందో తెలియదు. గుప్పెడంత ఉంది, బూడిద రంగు. అక్క దూదివత్తిని పాలలో ముంచి దాని నోట్లో పెడుతుంటే బావగారు పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూశారు.

"తాయారూ, పిల్లి చేపలు తినడం స్వభావం కాదే. తల్లి నేర్పిన అలవాటు. దీనికి తల్లి లేదుగా. మనం మంచి తిండి నేర్పితే ఇది మంచి తిండే తింటుంది" అన్నారు.

"పోనీలెండి, ముందు బతకనివ్వండి" అంది అక్క.

ఆయన దానికి శాకంబరి అని పేరు పెట్టారు. కూరగాయలిచ్చే అమ్మవారి పేరు పిల్లికి పెట్టడమేమిటని మా అత్తగారు నోరు నొక్కుకుంది. బావగారు వింటేగా. ఆ పూట నుంచి శాకంబరికి పథ్యం మొదలైంది. పొద్దున పలచటి మజ్జిగలో మెత్తగా పిసికిన దంపుడు బియ్యపన్నం. మధ్యాహ్నం పెసరకట్టు, ఉడికించిన తోటకూర. సాయంత్రం చెంచాడు పాలు, గుమ్మడికాయ ముక్క. ఏకాదశి నాడు అక్క ఉపవాసం ఉంటే శాకంబరి కూడా ఉండవలసిందే. ఆ పూట దాని ముందు అరటిపండు ముక్క పెట్టేవారు. అది ఆ ముక్కను చూసేది, ఆయన్ను చూసేది, ఓ మూలకు పోయి పడుకునేది.

"చూశావా, నిగ్రహం" అనేవారు బావగారు నాతో.

"అది నిగ్రహం కాదు బావగారూ, నిరాశ" అనేదాన్ని.

ఏమైతేనేం, శాకంబరి పెరిగింది. మామూలుగా కూడా కాదు, నిగనిగలాడుతూ, బలిసి, తోక నిలబెట్టుకుని వీధిలో దర్జాగా నడిచేది. జనం దాన్ని చూడటానికి రాసాగారు. "ఇది పుట్టి చేప ఎరగదండీ" అని బావగారు చెబుతుంటే నోళ్ళు తెరుచుకుని వినేవారు. దారిన పోయేవాళ్ళు ఆగి "మాస్టారూ, మా అమ్మాయికి నీరసంగా ఉంటోంది, ఏం పెట్టమంటారు?" అని అడగడం మొదలైంది. తవుడు పంతులు మాట క్రమంగా వెనకబడింది. ఆయన నడకే మారిపోయింది.

మా బందరు చదువుల ఊరు. పల్లెల నుంచి వచ్చిన పేద విద్యార్థులు వారంలో రోజుకొక ఇంట అన్నం తింటూ చదువుకునేవారు. దాన్నే వారాలు చేసుకోవడం అంటాం. అసలు సంగతేమిటంటే, శాకంబరి కూడా వారాలు చేసుకుంటోంది.

బావగారు బడికి వెళ్ళగానే అది పెరటిగోడ దూకేది. గోడ వెనక సందులో కాస్త నీడ ఉంటుంది. గిలకలదిండి రేవు నుంచి వచ్చి చేపలమ్ముకునే నాంచారమ్మ ఊరంతా తిరిగి అక్కడ గంప దించుకుని సేదతీరేది. మిగిలిన మెత్తళ్ళో, చితికిన పరిగెలో దాని ముందు పడేసేది. నాంచారమ్మ రాని రోజున సందు చివర కాంపౌండరు ధనరాజుగారి ఇల్లుంది. వాళ్ళు క్రైస్తవులు, ఆదివారం మాంసం తప్పదు. ఇన్ని చోట్ల తిని వచ్చి శాకంబరి సాయంత్రం బావగారి పక్కన కూర్చుని, తోటకూర వైపు చూస్తూ కళ్ళు అరమూసేది. ఆయనకు అది తృప్తిలా కనపడేది.

వీధిలో అందరికీ తెలుసు. తెలియనిది ఆయన ఒక్కరికే. అక్కకు అందరికంటే ముందే తెలుసు. ఆయన వచ్చే వేళకు తడిగుడ్డతో దాని మూతి తుడిచి, పెరట్లో తులసాకు నలిపి రాసేది. నేను చూసి నవ్వు ఆపుకోలేకపోయాను.

"చెప్పేయవే అక్కా. ఏ రోజుకారోజు ఈ కష్టమెందుకు నీకు?"

"ఎలా చెప్పను సులోచనా? నిన్న మిల్లు యజమాని ఒకాయన వచ్చి ఈయనకు నమస్కారం పెట్టి కూర్చున్నాడు. ఇంటికొచ్చి ఈయనకు నమస్కారం పెట్టినవాళ్ళను ఇన్నేళ్ళలో నేను చూశానా? పిల్లీ బాగుంది, ఆయనా బాగున్నారు. ఎవరికి నష్టం చెప్పు" అంది.

నిజమే అనిపించింది. నేనూ నోరు మూసుకున్నాను.

ఆ వచ్చిన మిల్లు యజమానిది గుడివాడ. కార్తీకంలో తన మిల్లు ఆవరణలో ఆరోగ్య సభ పెడుతున్నాననీ, బావగారు పిల్లితో సహా వచ్చి మాట్లాడాలనీ అడిగి వెళ్ళాడు. వడ్ల మిల్లులో మిల్లుబియ్యాన్ని తిట్టడానికి పిలుపు వచ్చిందని బావగారు మురిసిపోయారు. అక్కకు మాత్రం మొహంలో నెత్తురు లేదు. తోడుగా నన్ను రమ్మంది. శాకంబరిని మూతబుట్టలో పెట్టుకుని ముగ్గురం రైలెక్కాం. దారి పొడవునా అది బుట్టలోంచి అరుస్తూనే ఉంది. బావగారు సందుల్లోంచి వేలు పెట్టి దాన్ని బుజ్జగిస్తూ తన ఉపన్యాసం నెమరేసుకున్నారు.

సభకు జనం బాగానే వచ్చారు. చుట్టుపక్కల పల్లెల రైతులు, ఊళ్ళో ప్లీడర్లు, ఓ పక్కన తెర కట్టి మా ఆడవాళ్ళకు చాపలు. బావగారు ఎంత బాగా మాట్లాడారంటే, నాకే ఆశ్చర్యమేసింది. తన కడుపునొప్పి సంగతి చెప్పినప్పుడు జనం నిశ్శబ్దంగా విన్నారు. ఆ తరవాత శాకంబరిని బల్ల మీద పెట్టి, వీపు నిమురుతూ, "క్రూరజంతువని పేరుపడ్డ పిల్లే మంచి తిండితో ఇలా మారితే, మనుషులం మనం మారలేమా" అన్నారు. చప్పట్లు మోగాయి.

అప్పుడు మొవ్వ నుంచి వచ్చిన కొండలరావుగారనే రైతు లేచారు. పెద్దమనిషి, నెమ్మదస్తుడు.

"పంతులుగారూ, చిన్న మనవండి. మా ఇంట్లోనూ పిల్లులున్నాయి. చేప వదిలిన పిల్లిని నేనెప్పుడూ చూడలేదండి. తమరేమీ అనుకోకపోతే ఓ ఉప్పుచేప తెప్పించి దాని ముందు పెట్టి చూద్దామా?"

అక్క నా చెయ్యి పట్టుకుంది. లేచి ఏదైనా అడ్డం చెబుదామని సగం లేచింది. ఇంతమంది మగవాళ్ళలో ఏమని చెబుతుంది పాపం, మళ్ళీ కూలబడింది.

"తప్పకుండా తెప్పించండి. ఆ వాసనకే ముఖం తిప్పుకుంటుంది" అన్నారు బావగారు నవ్వుతూ.

ఎవరో బజారుకు పరిగెత్తి బాదమాకులో చుట్టి తెచ్చారు. ముందు వరసలో ప్లీడర్లు ఉత్తరీయాలు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. ఆకు విప్పీ విప్పకముందే శాకంబరి బావగారి చేతి కింది నుంచి ఎగిరి చేప మీద పడింది. కరకర నములుతోంది. ఆయన కంగారుగా వంగి లాగబోయారు. అది గుర్రుమని ఆయన మణికట్టు మీద గీరింది. నెత్తురొచ్చింది. వెనక వరసల్లో మొదలై నవ్వు సభంతా పాకింది.

"అదేదో కొత్తరకం ఆకుకూర అనుకుందేమోలెండి మాస్టారూ" అన్నారెవరో. మళ్ళీ నవ్వు. పొట్టలు పట్టుకుని నవ్వారు. బావగారు మణికట్టు పట్టుకుని బల్ల పక్కన నిలబడే ఉన్నారు. నవ్వనివారు ఒక్క కొండలరావుగారే. ఆయన వేదికెక్కి తన కండువా చింపి గాయానికి కట్టు కడుతూ, "మిమ్మల్ని నవ్వులపాలు చేయాలని కాదండి, నన్ను క్షమించాలి" అన్నారు. దాంతో బావగారి తల మరీ వాలిపోయింది.

తిరుగు రైల్లో ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. శాకంబరి బుట్టలో హాయిగా నిద్రపోతోంది. గుడ్లవల్లేరు దాటాక అటే చూస్తూ అడిగారు.

"తాయారూ, నీకు ముందే తెలుసా?"

"తెలుసండీ" అంది అక్క.

"సులోచనకూ?"

"తెలుసు బావగారూ" అన్నాను నేనే.

"వీధిలో వాళ్ళకు?"

ఇద్దరం తలలు దించుకున్నాం. పెడనలో రైలు ఆగినప్పుడు ఎవరో తెలిసినవాళ్ళు ఎక్కబోతుంటే, మొహం కనపడకుండా ఉత్తరీయం తల మీదుగా కప్పుకున్నారు. అది చూసి అక్క కళ్ళొత్తుకుంది. తిట్టినా బాగుండేదని తరవాత నాతో ఎన్నిసార్లందో.

మర్నాడు వడ్రంగిని పిలిపించి కిటికీలకు తీగవల కొట్టించారు. పెరటి తలుపుకు కొత్త గడియ పెట్టించారు. అక్కను పిలిచి చెయ్యి చాపారు.

"శాకంబరిని గడప దాటనివ్వనని నా చేతిలో చెయ్యి వెయ్యి. అన్నం తప్ప మరేదీ పెట్టనని కూడా."

"ఏవండీ, అది నోరులేని జీవమండీ."

"నా మీద ఒట్టు పెట్టు తాయారూ."

మొగుడి మీద ఒట్టంటే ఆ రోజుల్లో మాటలా? అక్క చెయ్యి వేసింది. శాకంబరి మొదట తలుపు దగ్గర అరిచింది, గీరింది, పథ్యం గిన్నె తన్నేసింది. ఆకలికి తట్టుకోలేక చివరకు మజ్జిగన్నం తిన్నది. అదిగో తింటోందని బావగారు మాకు చూపించారు. గుడివాడ కబురు అప్పటికే ఊరంతా చేరింది. బడిలో ఆయన బోర్డు వైపు తిరగగానే వెనక నుంచి మ్యావుమని వినపడేదట. సలహాల కోసం వచ్చేవాళ్ళు రావడం మానేశారు. నాంచారమ్మ వీధిలో "చేపలో" అని కేకేస్తే చాలు, ఆయన లేచి వెళ్ళి వీధి తలుపు మూసేవారు.

సంక్రాంతి వెళ్ళింది, శివరాత్రి వెళ్ళింది. శాకంబరి చిక్కిపోయింది. బొచ్చు కుచ్చులు కుచ్చులుగా రాలేది. వీపు మీద ఎముకలు చేతికి తగిలేవి. దూకడం మానేసి రోజంతా పొయ్యి వెచ్చన పడుకునేది. పట్టించుకోలేదని ఆయన్ను అనలేను. పక్కన కూర్చుని అన్నం వేలితో దాని నోటికి అందించేవారు. నెయ్యి వేసేవారు, మీగడ వేసేవారు, తేనె నాకించేవారు. దానికి కావలసినదొక్కటి తప్ప అన్నీ పెట్టారు.

ఓసారి నేను ఉండబట్టలేక అనేశాను.

"బావగారూ, ఇది చస్తుంది."

"చావదు. అలవాటు పోవడానికి కాలం పడుతుంది."

"మీ పరువు కోసం దాన్ని చంపుకుంటున్నారు మీరు."

ఆ మాటకు ఆయన మొహం మాడిపోయింది. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. "ఇది అన్నం మీద కోలుకుంటే, నేను చెప్పింది అబద్ధం కాదని నాకైనా తెలుస్తుంది సులోచనా. ఊరు నవ్వితే నవ్వనీ. నా కడుపునొప్పి తగ్గింది నిజమేగా? ఇదీ నిజమే అవ్వాలి" అన్నారు. ఇంత చదువుకున్న మనిషి చిన్నపిల్లాడిలా మాట్లాడుతుంటే ఏం చెబుతాం. ఆయన పొట్ట వేరు, పిల్లి పొట్ట వేరు అనే ముక్క ఆయనకు తెలియక కాదు. ఒప్పుకుంటే గుడివాడలో నవ్వినవాళ్ళందరూ గెలిచినట్టవుతుందని భయం.

ఎండలు ముదిరాయి. ఓ రోజు నేను వెళ్ళేసరికి శాకంబరి తీగవల కొట్టిన కిటికీలో ఎండకు ఎదురుగా కూర్చుని ఉంది. ఎండలో పిల్లి కంటిపాప సన్నగా గీతలా అయిపోతుంది కదా. దాని కళ్ళు మాత్రం అంత వెలుతురులోనూ నల్లగా, గుండ్రంగా తెరుచుకునే ఉన్నాయి. అక్కను పిలిచి చూపించాను.

"ఆయనకు చెప్పాను. నీరసం అంటున్నారు" అంది అక్క.

"తలుపు తియ్యి."

"ఒట్టు వేశానే తల్లీ."

"నువ్వు వేశావు. నేను వెయ్యలేదు" అన్నాను.

అక్క నా మొహం వైపు చూసింది. బిందె తీసుకుని నూతి దగ్గరకు వెళ్ళి అటు తిరిగి నిలబడింది. నేను పెరటి తలుపు గడియ తీశాను. సందులో గంప దించుకుని కూర్చున్న నాంచారమ్మ ఎవరితోనో మాట్లాడుతోంది. ఆ గొంతు వినపడగానే శాకంబరి చెవులు నిక్కపొడుచుకున్నాయి. లేచి గబగబా వెళ్ళి, అలవాటు చొప్పున గోడ మీదికి దూకింది. గోడ అందలేదు. మొహం గోడకు కొట్టుకుని కింద పడింది. మళ్ళీ దూకి మళ్ళీ పడింది. నేను పరిగెత్తి సందు తలుపు తీసేసరికి అది నన్ను దాటుకుని ఆ గొంతు వైపు నడిచింది. తిన్నగా నడిచి, మధ్యలో ఉన్న మురుక్కాలవలో పడిపోయింది.

నాంచారమ్మ దాన్ని పైకి తీసి తన చీరకొంగుతోనే తుడిచింది. దాని ముందు ఓ పరిగె పెట్టింది. శాకంబరి దాన్ని చూడలేదు. నేలంతా ముక్కుతో వెతుక్కుంటూ, పక్కనే ఉన్న చేపను దాటిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది. నాంచారమ్మ దాని కళ్ళ ముందు చెయ్యి ఆడించింది.

"అమ్మగారూ, దీనికి చూపు పోయిందండీ" అంది మెల్లగా.

ఒంటిపూట బడులు కావడంతో బావగారు అప్పుడే వీధి మలుపు తిరిగి వస్తున్నారు. నాంచారమ్మ పిల్లిని చంకనెత్తుకుని చుట్టూ తిరిగి వీధిలోకి వచ్చి ఆయనకు ఎదురు నిలబడింది. వెనకాలే నేను. అరుగుల మీద కూర్చున్నవాళ్ళందరూ లేచి చూస్తున్నారు. బావగారు పిల్లిని చూశారు, దాని కళ్ళు చూశారు. ఆయనకు అంతా అర్థమైపోయిందని మొహమే చెప్పింది.

"తప్పయిపోయిందండి అయ్యగారూ. తమరింటి పిల్లికి నేనే ఈ పాడు తిండి అలవాటు చేశానండి. ఆ పాపమే దీని కళ్ళకు తగిలిందో ఏమో. ఇంకెప్పుడూ ఈ సందులో కూచోనండి" అని నాంచారమ్మ ఏడ్చింది.

"మరి, పెద్దింటి పిల్లికి అలాంటివి పెట్టచ్చా?" అని అరుగు మీంచి ఎవరో అందుకున్నారు. "చూడు, పాపం, పంతులుగారు ఎంత పథ్యంగా పెంచుకున్నారో."

అప్పుడు ఆయన నోరు విప్పి ఒక్క మాట అనాలి. అంటారని నేను చూస్తున్నాను. అనలేదు. చేతులు చాచి పిల్లిని తీసుకుని, తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయారు. చెయ్యని తప్పు నెత్తిన వేసుకుని నాంచారమ్మ కళ్ళు తుడుచుకుంటూ గంప కోసం సందులోకి వెళ్ళింది. నా ఒళ్ళు భగభగా మండింది. బావగారని, పెద్దవారని చూడకుండా ఇవాళ కడిగెయ్యాలనుకుని ఆయన వెనకే ఇంట్లోకి వెళ్ళాను.

నడవలో నేల మీద కూర్చుని ఉన్నారు. శాకంబరిని ఒళ్ళో పెట్టుకుని, దాని కళ్ళ ముందు వేలు అటూ ఇటూ తిప్పుతున్నారు. రెప్ప పడటం లేదు. ఆయన చెయ్యి దగ్గరకు రాగానే అది వాసన పట్టి, తన మొహాన్ని ఆ అరచేతిలో దూర్చి, గుర్రుగుర్రుమని సంతోషపు చప్పుడు చేసింది. ఆయన చెయ్యి తీసేసుకున్నారు. అది వెతుక్కుంటూ వచ్చి మళ్ళీ ఆ చేతిలోనే మొహం పెట్టింది. నేను తిట్టాలనుకున్నవన్నీ గొంతులోనే ఉండిపోయాయి. ఆయన వెక్కి వెక్కి ఏడ్చారు. మా అక్క నీళ్ళబిందెతో గుమ్మంలోనే నిలబడిపోయింది.

కాసేపటికి ఆయన లేచి చెప్పులు కూడా లేకుండా ఎండలో బయటికి నడిచారు. నాంచారమ్మ అప్పటికి వీధి చివరకు చేరుకుంది. అరుగుల మీద వాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళందరి ముందే ఆయన పెద్దగా పిలిచారు.

"నాంచారమ్మా, ఆగు. దాని కళ్ళు పోయింది నువ్వు పెట్టిన చేప వల్ల కాదు. నువ్వు పెట్టినన్నాళ్ళూ అది బాగానే ఉంది. నేను తలుపులు మూసి పెట్టనివ్వలేదు, అందువల్ల పోయాయి. జనం నవ్వారని సిగ్గుపడి చేశాను. ఇందాక నిన్ను అంటుంటే ఊరుకున్నాను చూడు, అదీ సిగ్గుతోనే."

నాంచారమ్మ గంప కిందికి దించింది.

"దానికి ఏదైనా ఉంటే ఇప్పించు" అన్నారాయన.

ఆకు కోసం ఆమె గంపలో తడుముకుంటుంటే ఆయన తన ఉత్తరీయం చాపి పట్టారు. జరీ అంచు ఉత్తరీయం. అందులో గుప్పెడు పరిగెలు పోయించుకుని, రెండు చేతులతో పట్టుకుని, వీధి నడిమధ్య నుంచి ఇంటికి వచ్చారు. ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు మొహాలు తిప్పుకున్నారు. ఆ తరవాత మా పురోహితుడు చాలాకాలం ఆ గడప తొక్కలేదు. పక్కింటివాళ్ళు నూతి దగ్గర అక్కను ఎడంగా నిలబడమనేవారు. అక్కను వంటింట్లో ఇబ్బంది పెట్టకుండా ఆయనే పెరటి మూల మూడిటుకలు పేర్చి, మట్టిమూకుట్లో చేపలు ఉడకబెట్టేవారు. ముళ్ళు ఏరి, ఆరబెట్టి, తినిపించి, నూతి దగ్గర స్నానం చేసి లోపలికి వచ్చేవారు. అక్క చాటుగా చూస్తూ, "మొదటిసారి వాంతి చేసుకున్నారే పాపం" అని నాతో చెప్పింది.

శాకంబరికి బొచ్చు తిరిగి వచ్చింది, ఒళ్ళు వచ్చింది. చూపు మాత్రం రాలేదు. పశువుల డాక్టరు చూసి ఇక రాదని చెప్పాడు. అది ఇంకా కొన్నేళ్ళు బతికింది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆయన చేప ముళ్ళు ఏరుతుండటం చూసి, "గుడ్డి పిల్లిని ఎంత దయగా చూసుకుంటున్నారండీ" అనేవారు. ఎవరన్నా సరే, ఆయన చేతిలో పని ఆపి, "పుట్టుగుడ్డి కాదండీ, నేనే చేశాను" అని చెప్పేవారు. వాళ్ళు ఇబ్బందిపడి లేచిపోయేవారు.

ఓ సాయంత్రం అక్కతో వరండాలో కూర్చుని ఉన్నాను. బావగారు బడి నుంచి వచ్చారు. గేటు దగ్గరే చెప్పులు విడిచి, చేత పట్టుకుని, మునివేళ్ళ మీద దొంగలా నడిచి వస్తున్నారు. నాకు నవ్వొచ్చింది.

"ఏమిటి బావగారూ, మీ ఇంట్లోకి మీరే ఇలా వస్తున్నారు?"

మాట్లాడవద్దని చేత్తో సైగ చేశారు. "నా అడుగుల చప్పుడు వింటే అది సంతోషంగా లేచి వస్తుంది సులోచనా. నేను చేసింది దానికి తెలియదుగా. ఆ సంతోషం నేను చూడలేను" అన్నారు గొంతు తగ్గించి.

ఆ మాట పూర్తయ్యేసరికి లోపల పొయ్యి పక్కన చాప కదిలింది. శాకంబరి గోడ వెంబడి ఒళ్ళు రాసుకుంటూ, గుమ్మం తగలకుండా జాగ్రత్తగా దాటి, తోక నిలబెట్టుకుని తిన్నగా ఆయన దగ్గరకే వచ్చింది. ఆయన చెప్పులు పట్టుకుని, ఎటూ కదలలేక అక్కడే నిలబడిపోయారు.